సమయోజనీయంలో ‘సమం’ యెంత?

రసాయనశాస్త్రంలోని వొక మాటను గురించి సాహిత్య విమర్శ పత్రికలో రాయడమేమిటని కొందరు మిత్రులు ముఖం చిట్లించవచ్చు. ఆ మాట ‘సమయోజనీయ బంధం’. రెండు పరమాణువులు కొన్ని ఎలక్ట్రాన్లను తమ మధ్య ఉమ్మడిగా వుంచుకోవడం వల్ల యేర్పడే బంధానికి మన పాఠ్యపుస్తకాలు పెట్టిన పేరది. ఇంగ్లీషులో దాన్ని కోవలెంట్ బాండ్ అంటారు. యీ మాట విషయంలో నాకు రెండు తగాదాలున్నాయి. వొకటి దాన్ని తయారుచేసిన పండితులతో. రెండోది దాన్ని జెండాగా యెత్తుకుని వూరేగుతున్న మనవాళ్లతో. పరాయివాళ్ల తప్పు చెప్పడం తేలిక, మన తప్పు చెప్పుకోవడం కష్టం. గనుక కష్టమైనదానితోనే మొదలుపెడతాను.

మన సభల్లో, కరపత్రాల్లో, విద్యార్థుల గోడపత్రికల్లో వొక ఉపమానం తరచు వినబడుతూ వుంటుంది. సోడియం పరమాణువు తన ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కు సమర్పించుకుంటుంది, యిది దోపిడీ సంబంధం. హైడ్రోజన్ పరమాణువులు రెండూ చెరొక ఎలక్ట్రాన్ తెచ్చి కలిపి సమానంగా అనుభవిస్తాయి, యిది సామ్యవాద సంబంధం. కాబట్టి ప్రకృతే మనకు సామ్యవాదం బోధిస్తున్నది. వినడానికి యింపుగానే వుంటుంది. చప్పట్లు కూడా పడతాయి. వయసులో వున్నప్పుడు ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ వొకణ్ణి. రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుణ్ణయిన తర్వాత కొట్టలేకపోయాను.

యెందుకంటే, అదే హైడ్రోజన్‌ను తీసుకుపోయి క్లోరిన్‌తో జతచేయండి. హైడ్రోజన్ క్లోరైడ్ వస్తుంది. యిక్కడా ఎలక్ట్రాన్ల జంట ఉమ్మడిదే. కాని యీ ఉమ్మడిలో సమానత్వం లేదు. ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణానికి లైనస్ పాలింగ్ వేసిన కొలమానంలో హైడ్రోజన్‌ది 2.20, క్లోరిన్‌ది 3.16. అందువల్ల ఆ జంట క్లోరిన్ వైపే యెక్కువగా ఒరిగి వుంటుంది. క్లోరిన్ కొస కొంచెం రుణావేశంతోను, హైడ్రోజన్ కొస కొంచెం ధనావేశంతోను వుంటాయి. లెక్క కడితే ఆ బంధానికి సుమారు 17, 18 శాతం అయానిక లక్షణం వున్నదని తేలుతుంది. మరి సామ్యవాదం యేమైనట్టు? 82 శాతం మిగిలిందందామా? మనం తాగే నీళ్లలో ఆక్సిజన్ 3.44 బలంతో రెండు హైడ్రోజన్ల ఎలక్ట్రాన్లనూ తనవైపుకు గుంజుకుంటున్నది. ఆ గుంజుడు లేకపోతే నీటికి యీ గుణాలు వుండవు, ఉప్పు అందులో కరగదు, మన వొంట్లో రక్తం ఆడదు. అసమానత్వం మూలంగానే ప్రాణం నిలిచిందని రేపెవడైనా జమీందారు అంటే, మనం యే ముఖం పెట్టుకుని కాదంటాం? ప్రకృతిని సాక్ష్యానికి పిలిచింది మనమే గదా!

పోతే సోడియం సంగతి. అది దోపిడీకి గురవుతున్నదని మనవాళ్లంటారు. ధర్మప్రబోధకులు అదే సోడియాన్ని చూపి, శిబి చక్రవర్తి మాదిరి దానం చేస్తున్నదంటారు. రెండూ కల్లలే. వొక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను వూడదీయడానికి 496 కిలోజౌళ్ల శక్తి ఖర్చవుతుంది. క్లోరిన్ పరమాణువులు వాటిని స్వీకరించినప్పుడు వెలువడేది 349 మాత్రమే. వుత్త యిచ్చిపుచ్చుకోళ్ల లెక్క చూస్తే 147 కిలోజౌళ్లు నష్టం. మరి ఉప్పు యెలా నిలబడుతున్నది? ప్రతి సోడియం అయాన్ చుట్టూ ఆరు క్లోరైడ్ అయాన్లు, ప్రతి క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియంలు చేరి స్ఫటికంగా పేర్చుకున్నప్పుడు సుమారు 787 కిలోజౌళ్లు వెలువడుతుంది. ఆ శక్తే నష్టాన్ని పూడుస్తున్నది. యిందులో దాతా లేడు, దోపిడీదారూ లేడు. వొక సోడియం, వొక క్లోరిన్ జంటగా నిలబడి సాగించే వ్యవహారం కూడా లేదు. వున్నది స్ఫటికం మొత్తం.

ఇదంతా తెలియనివారికి చెప్పే చిన్న ఉపమానమే గదా, దాన్నింత పట్టుకోవాలా అంటారేమో. పట్టుకోవాలి. సమాజంలోని వొక భావాన్ని ప్రకృతి మీదికి యెక్కించి, మళ్లీ దాన్నే ప్రకృతి నుంచి దించి ‘చూశారా, యిది ప్రకృతి నియమం’ అనడం పాత గారడీ. డార్విన్ సిద్ధాంతాన్ని అడ్డం పెట్టుకుని యీ గారడీ చేసినవాళ్లను, 1875లో లావ్రోవ్‌కు రాసిన ఉత్తరంలో ఎంగెల్స్ యెండగట్టాడు. హాబ్స్ చెప్పిన పరస్పర యుద్ధాన్నీ, మాల్థస్ జనాభా సిద్ధాంతాన్నీ సమాజం నుంచి జీవప్రకృతికి తరలించి, అక్కడినుంచి తిరిగి సమాజానికి తెచ్చుకుని, అవి శాశ్వత నియమాలని రుజువైనట్టు చాటుతున్నారని ఆయన ఆక్షేపణ. ఆ వాక్యాలను మనం వుపన్యాసాల్లో వాడుకుంటాం. మన వంతు వచ్చేసరికి అదే గారడీ ఎలక్ట్రాన్లతో చేస్తాం. పులి గారడీ తప్పు, లేడి గారడీ వొప్పు అవుతుందా?

సామ్యవాదం న్యాయమైనదనడానికి హైడ్రోజన్ సాక్ష్యం అక్కరలేదు. దున్నేవాడి చేతులు చాలు.

యిలాంటి పొరపాటుకు మన శిబిరం చాలా ఖరీదు చెల్లించింది కూడా. అది తెలియని విద్యార్థులు వున్నారు, తెలిసీ చెప్పని పెద్దలు వున్నారు. బెంజీన్ అణువులో ఆరు కార్బన్లు వలయంగా వుంటాయి. వాటి మధ్య వొంటి బంధాలు, జంట బంధాలు వొకటి విడిచి వొకటి వున్నట్టు కాగితం మీద రెండు రకాలుగా గీయవచ్చు. కాని కొలిచి చూస్తే ఆరు బంధాల నిడివీ వొక్కటే, సుమారు 1.39 ఆంగ్‌స్ట్రామ్‌లు. వొంటి బంధం నిడివి 1.54, జంట బంధం నిడివి 1.34, యిది రెంటికీ మధ్య. అంటే ఎలక్ట్రాన్లు యే రెండు కార్బన్లకో కాక, ఆరింటికీ ఉమ్మడిగా వున్నాయన్నమాట. కాగితం మీది రెండు రూపాలనూ కలిపి లెక్కకట్టే పద్ధతికి పాలింగ్ ‘రెజొనెన్స్’ అని పేరు పెట్టాడు. ఆ రెండు రూపాలూ విడిగా యెక్కడా వుండవని తనే చెప్పాడు. 1949 నుంచి సోవియట్ దేశంలో చెలింత్సెవ్ ప్రభృతులు దీని మీద దాడి మొదలుపెట్టారు. లేనిరూపాలతో వున్న అణువును వివరించడం భావవాదమన్నారు, మాఖ్ వాదమన్నారు. 1951 జూన్‌లో మాస్కోలో రసాయనికుల సమావేశం జరిగింది. రెజొనెన్స్ సిద్ధాంతాన్ని ఖండించి, దానికెదురుగా 1861 నాటి బుట్లేరోవ్ నిర్మాణ సిద్ధాంతాన్ని నిలబెట్టింది. 1946లో రసాయన బంధాన్ని గురించి మంచి పుస్తకం రాసిన సిర్కిన్, ద్యాత్కినా యిద్దరూ తీవ్ర విమర్శకు గురయ్యారు. 1948లో లైసెంకో జన్యుశాస్త్రానికి చేసినంత హాని యిక్కడ జరగలేదు. ఆ సమావేశం చెలింత్సెవ్ సొంత సిద్ధాంతాన్ని కూడా తిరస్కరించింది. కాని జరిగింది చిన్న హాని కాదు.

దీనిలోని యెగతాళి యేమంటే, సోవియట్ దేశంలో భావవాది అనిపించుకున్న అదే పాలింగ్‌కు, కమ్యూనిస్టు అనుమానం మీద 1952లో అమెరికా ప్రభుత్వం పాస్‌పోర్టు నిరాకరించింది. 1954లో ఆయనకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. తర్వాత అణ్వస్త్ర పరీక్షలకు వ్యతిరేకంగా చేసిన కృషికి 1962 సంవత్సరపు శాంతి బహుమతి వచ్చింది. ఆపైన సోవియట్ దేశమే ఆయనకు లెనిన్ శాంతి బహుమతి యిచ్చింది. మనిషి మారలేదు, బంధమూ మారలేదు. మాట మీద మనం పెట్టిన ముద్ర మారింది.

విమర్శకుల భయంలో కొంత నిజం లేకపోలేదు. లెక్క కోసం గీసిన బొమ్మను వున్న వస్తువనుకోవడం తప్పే. ఆ తప్పు విద్యార్థులు నేటికీ చేస్తున్నారు. బెంజీన్ వొక రూపం నుంచి మరో రూపానికి గంతులు వేస్తుందని రాస్తున్నారు. కాని ఆ తప్పును దిద్దవలసింది ప్రయోగంతో, వివరణతో. తీర్మానంతో కాదు.

మాట ముద్ర గురించి యింత చెప్పాను గనుక, యిక మన తెలుగు మాట దగ్గరికి వస్తాను.

ముందు దాని పుట్టుక చూద్దాం. 1916లో అమెరికాలో, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న గిల్బర్ట్ న్యూటన్ లూయిస్ వొక వ్యాసం ప్రకటించాడు. రెండు పరమాణువుల మధ్య ఉమ్మడిగా వుండే ఎలక్ట్రాన్ల జంటే రసాయన బంధమని అందులో అన్నాడు. యీనాటికీ బడిలో మనం పెట్టే చుక్కల బొమ్మలు ఆయనవే. ఆ జంట యెప్పుడూ సరిగ్గా నడుమ వుండదనీ, వొకవైపుకు జరిగి వుండవచ్చుననీ ఆయన అప్పుడే గ్రహించాడు. అదే సంవత్సరం జర్మనీలో వాల్టర్ కోసెల్, ఎలక్ట్రాన్ వొక పరమాణువును విడిచి మరొకదాన్ని చేరడం వల్ల యేర్పడే బంధాన్ని వివరించాడు. లూయిస్ చెప్పిన బంధానికి పేరు పెట్టింది మాత్రం లూయిస్ కాదు. 1919లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో పనిచేస్తున్న ఇర్వింగ్ లాంగ్మ్యూర్ ‘కోవలెన్స్’ అనే మాటను ప్రవేశపెట్టాడు. దానికి ఆయన యిచ్చిన అర్థం గమనించదగ్గది. అది బంధం పేరు కాదు, వొక సంఖ్య. వొక పరమాణువు తన పొరుగు పరమాణువులతో యెన్ని ఎలక్ట్రాన్ జంటలను ఉమ్మడిగా వుంచుకుంటుందో ఆ లెక్క. సామాన్యంగా హైడ్రోజన్‌కు 1, ఆక్సిజన్‌కు 2, నైట్రోజన్‌కు 3, కార్బన్‌కు 4. బంధానికి విశేషణం కావడం తర్వాత జరిగింది. ‘వలెన్స్’ అన్నది బలం, సామర్థ్యం అనే అర్థంగల లాటిన్ మాట నుంచి వచ్చింది. ‘కో’ అంటే కలిసి, జతగా అని. సమానంగా అని కాదు.

ఉమ్మడితనం కనిపెట్టిన యీ యిద్దరి మధ్య కీర్తి ఉమ్మడిగా పంచుకోవడం మాత్రం జరగలేదు. లాంగ్మ్యూర్ గొప్ప వక్త. ఆయన వుపన్యాసాల వల్ల ఆ సిద్ధాంతం లూయిస్-లాంగ్మ్యూర్ సిద్ధాంతంగా వ్యాపించింది. లూయిస్‌కు అది కష్టం కలిగించింది. వేరే పనికి లాంగ్మ్యూర్‌కు 1932లో నోబెల్ బహుమతి దక్కింది. లూయిస్ ఆ బహుమతి లేకుండానే 1946లో కన్నుమూశాడు.

ఎలక్ట్రాన్లు ఉమ్మడిగా వుంటే పరమాణువులు యెందుకు విడిపోకుండా వుంటాయన్నదానికి సమాధానం 1927లో వచ్చింది. హైట్లర్, లండన్ అనే యిద్దరు కొత్త క్వాంటం సిద్ధాంతంతో హైడ్రోజన్ అణువుకు లెక్క కట్టారు. రెండు హైడ్రోజన్ పరమాణువులు విడిగా వున్నప్పటి కంటె, 0.74 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరంలో కలిసి వున్నప్పుడు వాటి శక్తి తక్కువ. అలా కలిసిన వొక మోల్ అణువులను విడదీయాలంటే 436 కిలోజౌళ్లు వెచ్చించాలి. బంధమంటే అంతే. ప్రేమా కాదు, త్యాగమూ కాదు. విడిపోవడానికి మూల్యం చెల్లించవలసి రావడం. జంట కూడా తప్పనిసరి కాదు. వొక్క ఎలక్ట్రాన్‌తో నిలిచే హైడ్రోజన్ అణు అయాన్ వుంది. మూడు పరమాణువుల నడుమ వొకే జంట ఉమ్మడిగా వుండే డైబోరేన్ వుంది.

ఇప్పుడు మన మాటను విప్పి చూడండి. కొన్ని పుస్తకాల్లో ‘సమయోజనీయ’ అని వుంటుంది, మరికొన్ని చోట్ల ‘సంయోజనీయ’ అని కనబడుతుంది. వొక్క సున్న తేడా, అర్థమంతా తేడా. సమయోజనీయమంటే సమానంగా కూర్చదగినదని పిల్లవాడు అనుకుంటాడు. ఆ సమానత్వం హైడ్రోజన్, క్లోరిన్, నైట్రోజన్ లాంటి వొకే మూలకపు అణువుల్లోనే తప్ప, మిగిలిన వేలాది పదార్థాల్లో చాలా వరకు అబద్ధం. నేతిబీరకాయలో నెయ్యి యెంతో, సమయోజనీయంలో సమం అంత. ‘సమ్’ అనేది ఉపసర్గ, కలిసి అనే అర్థంలో వాడామని పండితులు సర్దుకుంటారేమో. అలాగైతే అది సంయోజనీయం కావాలి. సంయోజనీయమంటే కలపదగినది. కలపదగినది కాని బంధం యేది నాయనా? అయానిక బంధం కలపడం లేదా? వొక పేరు సగం పదార్థాలకు అబద్ధమవుతుంది; రెండో పేరు అన్ని బంధాలకూ నిజమై, దేనికీ పేరు కాకుండా పోతుంది. ఆపైన ధ్రువ సమయోజనీయ బంధం అంటే యేమిటి? సమానంగా అసమానమైన బంధమనా?

పొరుగువాళ్లు యేం చేశారో చూడండి. హిందీవాళ్లు ‘సహసంయోజక్’ అన్నారు. సంస్కృతమే అయినా ‘సహ’ అనడంలో అర్థం నిలిచింది. తమిళులు ‘సహప్పిణైప్పు’ అన్నారు. ‘సహ’ను వుంచుకుని, ముడి అనే అర్థంలో తమ సొంత మాట చేర్చారు. చైనావాళ్లు పెట్టిన పేరులో మొదటి అక్షరానికి ఉమ్మడి అని అర్థం. వాళ్ల కమ్యూనిస్టు పార్టీ పేరులో వున్నదీ ఆ అక్షరమే. జపానువాళ్ల ‘క్యోయూ కెత్సుగో’లోని ‘క్యోయూ’ మరీ విశేషం. నలుగురికీ ఉమ్మడి హక్కు వున్న ఆస్తిని చెప్పడానికి వాళ్లు వాడే మాటే అది. జపాను కుర్రవాడు ఆ పేరు వినగానే సగం పాఠం తెలుసుకుంటాడు. మన కుర్రవాడు పేరు వినగానే కలం తీసి కంఠస్థానికి సిద్ధపడతాడు.

ఇది వూహించి చెప్పడం లేదు. నేను పనిచేసిన వొక పల్లెటూరి బడిలో, సమయోజనీయం అంటే యేమిట్రా అని అడిగితే, ‘సమయానికి సంబంధించిందండీ’ అన్నాడు వొక పిల్లవాడు. తరగతి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. వాడు మాటను విప్పి చూడటానికి ప్రయత్నించాడు. తక్కినవాళ్లు ఆ ప్రయత్నం కూడా చేయలేదు. ఆ రోజు పుస్తకం మూసి, ‘ఉమ్మడి’ అంటే తెలుసా అని అడిగాను. తెలియనివాడు లేడు. వెనక బల్ల మీదివాడు లేచి, ‘మాకూ మా పెదనాన్నోళ్లకూ ఉమ్మడి బావుంది మాస్టారూ’ అన్నాడు. నీళ్లు చెరిసగమేనా అంటే, ‘పేరుకు చెరిసగమే. పెదనాన్నది పెద్ద మోటారు, నీళ్లు అటే యెక్కువ పారతాయి’ అన్నాడు. అదేరా హైడ్రోజన్ క్లోరైడ్ అన్నాను. ఆ తర్వాత ధ్రువత్వం గురించి ఆ తరగతికి నేను రెండోసారి చెప్పవలసిన అవసరం రాలేదు.

యిక్కడ మిత్రులు నన్ను పట్టుకోవచ్చు. సమాజంలోని ఉపమానం ప్రకృతికి పనికిరాదంటివి, యిప్పుడు బావినీ పెదనాన్ననూ తెచ్చావేం అని. సమంజసమైన ప్రశ్నే. పేరు వేరు, రుజువు వేరు. పేర్లన్నీ బతుకులోనుంచే వస్తాయి. ‘బంధం’ అన్నదే తాడు నుంచి వచ్చిన మాట. తెలిసినదాని చెయ్యి పట్టుకుని తెలియనిదాని గుమ్మం దాకా పోవడానికి ఉపమానం కావాలి. గుమ్మం దాటాక బావిని విడిచి 2.20నీ 3.16నీ చూపించాను. పెదనాన్న అన్యాయానికి క్లోరిన్‌ను సాక్ష్యంగా నేను పిలవలేదు. ఆ అన్యాయాన్ని తేల్చుకోవలసింది వూళ్లో, అణువులో కాదు. యేరు దాటాక తెప్ప తగలేయడం మనుషుల విషయంలో కృతఘ్నత. ఉపమానాల విషయంలో అదే పద్ధతి.

నేను అడుగుతున్నది పెద్ద విప్లవమేమీ కాదు. ఆ బంధాన్ని ‘ఉమ్మడి బంధం’ అందాం. ఉమ్మడి అన్న మాటలో కలిసి వుండటం వుంది గాని సమానంగా వుండటం లేదు. ఉమ్మడి కుటుంబంలో బతికిన యే కోడలిని అడిగినా చెబుతుంది. బంధంలో వున్న జంట ‘ఉమ్మడి జంట’. బంధంలో చేరని జంటను మన పుస్తకాలు యిప్పటికే ‘ఒంటరి జంట’ అంటున్నాయి. చక్కని మాట, అది యెవరి నోటా తిరగకుండా పోలేదు గదా! లాంగ్మ్యూర్ చెప్పిన సంఖ్య ‘ఉమ్మడి లెక్క’. ధ్రువ సమయోజనీయ బంధం ‘ఒరిగిన ఉమ్మడి బంధం’. సమన్వయ సమయోజనీయమని భయపెట్టేదాన్ని ‘వొకరే పెట్టిన ఉమ్మడి’ అనవచ్చు. అమ్మోనియాలోని నైట్రోజన్ తన ఒంటరి జంటను హైడ్రోజన్ అయాన్‌తో ఉమ్మడి చేసినప్పుడు అమ్మోనియం అయాన్ వస్తుంది. అయితే యేర్పడిన తర్వాత అందులోని నాలుగు బంధాలూ వొక్కతీరే. యే జంటను యెవరు పెట్టారో గుర్తుపట్టడం సాధ్యం కాదు. యీ ముఖ్యమైన సంగతి ‘సమన్వయ’ అన్న మాటలో యెక్కడుంది? ఎలక్ట్రాన్, అయాన్, ఆక్సిజన్ లాంటివి వస్తువుల పేర్లు. వాటిని వున్నవున్నట్టే వుంచుకుందాం. వివరణ మోసే మాటలను మాత్రం తెలుగు చేయాలి.

దీనికి రెండు వైపుల నుంచి అడ్డు వస్తుంది. సంస్కృతమైతే దేశమంతా వొకటిగా వుంటుందని వొకరు. 1961లో యేర్పడిన కేంద్ర పదజాల సంఘం వెనుక వున్న ఆశ అదే. కాని హిందీ ‘సహసంయోజక్’, తెలుగు ‘సమయోజనీయం’ వొకటి కాలేదే! సంస్కృతం వచ్చింది, యేకత రాలేదు. 1968లో తెలుగు అకాడమి యేర్పడి, ఇంటర్మీడియట్‌కూ డిగ్రీకీ తెలుగులో శాస్త్రగ్రంథాలు తెచ్చిన శ్రమను నేను తక్కువ చేయను. ఆ పుస్తకాలే లేకపోతే నాలాంటివాళ్లు యెందరో చదువే మానుకునేవాళ్లు. కాని యెవరి కోసం ఆ పుస్తకాలు వచ్చాయో వాళ్ల నోటికి అందని మాటలు వాటిలో మిగిలిపోయాయన్నదీ నిజమే.

రెండోవాళ్లు, యీ గొడవంతా యెందుకు, కోవలెంట్ అనే అనేస్తే సరిపోతుంది గదా అంటారు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడుల్లో ఇంగ్లీషు మాధ్యమానికి ఉత్తర్వులిచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టివేసింది. 2022లో తెలంగాణ ప్రభుత్వం కూడా సర్కారు బడుల్లో ఇంగ్లీషు మాధ్యమానికి నిర్ణయం తీసుకున్నది. యెదురెదురు పుటల్లో రెండు భాషలూ అచ్చయిన పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లీషు వద్దనే హక్కు నాకు లేదు. వున్నవాళ్ల పిల్లలు దాని మీద యెక్కి పోతూ వుంటే, లేనివాళ్ల పిల్లలను మాతృభాష పేరుతో గట్టు మీద నిలబెట్టడం అభ్యుదయం కాదు. కాని వొకటి అడుగుతాను. కోఆపరేటివ్, కోఎడ్యుకేషన్ అనే మాటల మధ్య పెరిగిన పిల్లవాడికి కోవలెంట్‌లోని ‘కో’ దానంతటదే తెలుస్తుంది. మన పిల్లవాడు కుడి పుటలో సమయోజనీయం చూస్తాడు, యెడమ పుటలో కోవలెంట్ చూస్తాడు. రెండూ గోడలే. వొక గోడ పక్కన రెండో గోడ కట్టి దాన్ని తలుపనడం న్యాయమా? తెలుగు పుటలో ‘ఉమ్మడి’ వుంటే, దాని సాయంతోనే వాడికి ఇంగ్లీషు పుట తెరుచుకుంటుంది.

చివరికి నింద మనదే. గిడుగు రామమూర్తి పంతులు వాడుకభాష కోసం చేసిన పోరాటానికి వారసులమని చెప్పుకుంటాం. కథలోను, నాటకంలోను, పత్రికలోను ఆ పోరాటం గెలిచింది. కొడవటిగంటి కుటుంబరావు లాంటివాళ్లు సైన్సు వ్యాసాలు కూడా వాడుకభాషలోనే రాసి చూపించారు. పాఠ్యపుస్తకాన్ని మాత్రం మనం పండితులకు వదిలేశాం. గ్రాంథికం అక్కడికి పోయి దాక్కున్నది. తర్వాత మనం చేసిందేమిటి? ఆ పండితులు చేసిన ‘సమ’ను పట్టుకుని, దాని మీద సామ్యవాద వుపన్యాసం కట్టాం. వాళ్ల తప్పు మాట, మన తప్పు ఉపమానానికి పునాది అయింది. సరైన మాట వుండి వుంటే ఆ వుపన్యాసం పుట్టేదే కాదు.

ఈ పత్రిక చదివే ఉపాధ్యాయ మిత్రులకు వొక చిన్న పని చెప్పి ముగిస్తాను. రేపు తరగతిలో యీ పాఠం చెప్పిన తర్వాత, పుస్తకంలోని పారిభాషిక పదం వాడకుండా ఆ బంధాన్ని వివరించమని వొక విద్యార్థిని అడగండి. వివరించగలిగితే సంతోషం. వివరించలేకపోతే తప్పు పిల్లవాడిది కాదు, మాటది. వాడు నోరు తెరిచి చెప్పిన మాటలను మాత్రం రాసి వుంచండి. రేపటి పదకోశం అక్కడినుంచి మొదలుకావాలి.